షుగర్ గోలీలు మధ్యలో మానేస్తున్నారా? కారణం పట్టుకుని సరిచేసుకోవడం ఎలా

"మా అమ్మకు షుగర్ గోలీలు రాసిచ్చిండ్రు. డబ్బా నిండా ఉన్నయి, కానీ వేసుకోదు. ఏం చేయాలె?" ఈ ప్రశ్న నల్లగొండ నుంచి వస్తుంది, దేవరకొండ తండాల నుంచి వస్తుంది, పాలమూరు, వనపర్తి, అచ్చంపేట వైపు నుంచి వస్తుంది. ఎక్కువగా అడిగేది హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే కొడుకులు, కూతుళ్లు. కొందరు తమ గురించే అడుగుతారు గానీ "మా దోస్తుకు" అని మొదలుపెడతారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

గోలీలు మానేసేవాళ్లలో చాలామందికి మతిమరుపు అసలు కారణం కాదు. భయం, సిగ్గు, విసుగు, ఇంటి పరిస్థితి, చేతిలో పైసలు లేకపోవడం, వీటిలో ఏదో ఒకటి వెనక ఉంటుంది. ఫోన్‌లో అలారం పెడితే మతిమరుపు ఒక్కటే తీరుతుంది, మిగతావి అలాగే ఉంటాయి. దీర్ఘకాలిక జబ్బులకు మందులు రాసిచ్చినట్టు వాడేవాళ్లు అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్నది వింత కాదు. ఎవరి మీదా నింద వేయాల్సిన పని లేదు.

ఇక్కడ రాసినది పెద్దవాళ్లలో వచ్చే టైప్ 2 షుగర్ గురించి. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్న టైప్ 1 వాళ్లు సూది ఒక్కరోజు మానినా ప్రాణం మీదికి వస్తుంది. వాళ్లు ఏ మార్పైనా డాక్టర్‌ను అడిగే చేయాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- చివరిసారి డాక్టర్ రాసిచ్చిన చీటీ, దాని ఫొటో ఫోన్‌లో
- ఇంట్లో ఉన్న షుగర్ గోలీలన్నీ: బీరువాలోవి, కిటికీ మీదివి, దిండు కిందివి, పాత కవర్లలోవి
- గోడ క్యాలెండర్, పెన్ను
- పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని విడదీసుకోవడానికి మూడు చిన్న డబ్బాలు లేదా కవర్లు
- జేబులో పట్టే చక్కెర పొట్లం లేదా గ్లూకోజ్ పొడి (షుగర్ ఒక్కసారిగా పడిపోతే వాడడానికి)
- ఇంట్లోనో వాడకట్టులోనో నమ్మకమైన ఒక మనిషి

గ్లూకోమీటర్ ఉంటే మంచిది. లేకపోయినా పని ఆగదు.

1. మిగిలిన గోలీలు లెక్కపెట్టండి

"వేసుకుంటున్నా" అనే మాట మీద ఆధారపడకండి, అలాగని అబద్ధమని గొడవా పెట్టుకోకండి. లెక్క చూస్తే చాలు. రోజుకు 2 చొప్పున 30 రోజులకు 60 గోలీలు. నెలాఖరుకు 12 కంటే ఎక్కువ మిగిలితే 80 శాతం కూడా వేసుకోనట్టు. పరిశోధనల్లో సాధారణంగా ఈ 80 శాతాన్నే గీతగా పెట్టుకుంటారు. అంతకన్నా తగ్గితే మందు ఇంట్లో ఉన్నా ఒంట్లో సరిగ్గా పనిచేయడం లేదనే అనుకోవాలి.

లెక్కపెట్టేటప్పుడే ఇంకోటి చూడండి. ఒకే మందు రెండు పేర్లతో ఉందా? ప్రైవేటు డాక్టర్ రాసిన ఒకే గోలీలో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అనే రెండు షుగర్ మందులు కలిసి ఉండొచ్చు. ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అవే రెండు మందులు విడివిడిగా ఉచితంగా ఇస్తారు. "ఇవి దవాఖానవి, అవి షాపువి" అనుకుని రెండు రకాలూ వేసుకుంటే డోసు రెట్టింపై షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. స్ట్రిప్ మీద కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడాలి. అర్థం కాకపోతే అన్నీ ఒక సంచిలో వేసుకుని ఊరి నర్సు ఏఎన్ఎం దగ్గరికో, ఫార్మసిస్టు దగ్గరికో వెళ్లండి.

దీనికి ఎదురుది కూడా జరుగుతుంది. ఉచితంగా ఇచ్చే గోలీ ఒక నెల తెల్లగా, ఇంకో నెల వేరే రంగులో వస్తుంది. "ఇది నా గోలీ కాదు" అని ముసలివాళ్లు పక్కన పెట్టేస్తారు. రంగు మారినా మందు అదేనని ప్రతి నెలా ఒకసారి చెప్పాలి.

2. ఎందుకు మానేస్తున్నారో కనుక్కోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ పనికి ఇవ్వండి. అడిగే తీరులోనే సగం జవాబు ఉంటుంది. "గోలీ ఎందుకు వేసుకోలే?" అంటే పోలీసు స్టేషన్‌లో నిలబెట్టినట్టు ఉంటుంది, నిజం రాదు. "ఈ వారంల ఏ రోజు కుదరలేదే అమ్మా? ఆ రోజు ఏమైంది?" అని అడగండి. కుదరకపోవడం మామూలే అన్నట్టు అడిగితే చెప్తారు. ఎక్కువగా వినపడే జవాబులు, వాటికి చేయాల్సినవి ఇవి.

"నాకేం నొప్పి లేదు. మంచిగనే ఉన్న." షుగర్ 200, 250 ఉన్నా ఒళ్లు చాలాకాలం ఏమీ చెప్పదు. గోలీ వేసుకుంటే హాయిగా అనిపించడమూ ఉండదు, మానితే వెంటనే బాధ కలగడమూ ఉండదు. అందుకే ఒంటి మాట కాకుండా పరీక్ష మాట వినాలి. ఒకసారి వాళ్ల ముందే పరీక్ష చేసి అంకె చూపించండి. ఉపన్యాసం కంటే అది నయం.

"గోలీలకు అలవాటు పడిపోతం. కిడ్నీలు ఖరాబైతయి." ఊళ్లలో బాగా పాతుకుపోయిన భయం ఇది. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉండడం వల్లనే కిడ్నీలు దెబ్బతింటాయి. మెట్‌ఫార్మిన్ కిడ్నీలను పాడుచేయదు. అయితే కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిని ఉంటే ఆ మందు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. అది చూసినవాళ్లు మందు వల్లనే కిడ్నీ పోయిందనుకుంటారు. ఏడాదికోసారి కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చేయించి ఆ కాగితం చేతిలో పెట్టండి. భయం ఉన్నవాళ్లకు తమ సొంత రిపోర్టు ఇచ్చే ధైర్యం ఇంకెవరి మాటా ఇవ్వదు.

"కడుపు ఉబ్బుతుంది, విరేచనాలైతయి." ఇది మెట్‌ఫార్మిన్‌తో నిజంగానే వస్తుంది, ముఖ్యంగా మొదటి వారాల్లో. పరగడుపున వేసుకుంటే ఇంకా ఎక్కువ. అన్నం తింటూనో, తిన్న వెంటనేనో వేసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే మెల్లగా కరిగే రకం రాయమని డాక్టర్‌ను అడగండి. ఆ రకాన్ని నమలొద్దు, పొడి చేయొద్దు. దాని పై పొర కొన్నిసార్లు మలంలో గోలీలాగే కనిపిస్తుంది. "గోలీ కరగకుండనే పోతుంది, ఇగ ఎందుకు?" అని మానేసేవాళ్లు ఉన్నారు. మందు లోపల దిగిపోయింది, బయటికి వచ్చింది ఖాళీ పొర మాత్రమే.

కూలికి పోయే ఆడవాళ్లు చెప్పుకోని సంగతి ఒకటుంది. పత్తి చేన్లో, వరి నాట్లలో రోజంతా ఉండాలి. మరుగుదొడ్డి ఉండదు. పొద్దున గోలీతో కడుపు కదిలినా, మాటిమాటికి మూత్రం వచ్చినా ఎక్కడికి పోవాలి? అందుకే పొద్దుటి గోలీ మానేస్తారు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి, కొందరికి మర్మావయవాల దగ్గర దురద, పుండు వస్తాయి. మగ డాక్టర్‌కు చెప్పుకోలేరు, ఇంట్లోనూ చెప్పరు, మౌనంగా మందు ఆపేస్తారు. దీన్ని ఆశా కార్యకర్తో, నర్సో, కూతురో, కోడలో నోరు తెరిచి అడగాలి. దురదకు మందు ఉంది, గోలీ వేళ మార్చే వీలుంది, అసలు మందే మార్చవచ్చు. చెప్పకపోతే ఇవేవీ జరగవు.

"ఒకరోజు గోలీ వేసుకుంటే చెమటలు పట్టి పడిపోయిన." ఈ భయాన్ని కొట్టిపారేయకండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి గోలీలు, ఇన్సులిన్ వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, తికమక దీని గుర్తులు. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగాలి, తగ్గాక ఏదైనా తినాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఒక్కసారి ఇలా జరిగినవాళ్లు మళ్లీ గోలీ ముట్టడానికి జంకుతారు. వాళ్లకు ధైర్యం చెప్తే సరిపోదు, డాక్టర్‌తో డోసు మళ్లీ చూపించాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఇలా పడిపోవడం చాలా అరుదు.

"బిడ్డ పెండ్లి ఉంది. నలుగురికి తెలిస్తే ఎట్ల?" తల్లికి షుగర్ అంటే పిల్లకు సంబంధాలు రావేమోనని, సైట్ మీద మేస్త్రీకి తెలిస్తే పని ఇయ్యడేమోనని దాచేవాళ్లు చాలామంది. వాళ్లను ఊరందరికీ చెప్పమని ఒత్తిడి చేయొద్దు. ఒక్క మనిషికి తెలిస్తే చాలు. గోలీలను పేరు లేని చిన్న డబ్బాలోకి మార్చుకోవచ్చు, కాకపోతే ఏది ఎప్పటిదో ముందే గుర్తు పెట్టుకోవాలి. రోజుకు ఒకేసారి వేసుకునే మందు కుదురుతుందేమో డాక్టర్‌ను అడిగితే పగలు బయట వేసుకునే అవసరమే తప్పుతుంది.

"పైసల్ లెవ్వు." చాలామంది ఇది నోటితో అనరు. రెండు రోజులకొకటి వేసుకుంటారు, లేదా రెండు రోజులకు సరిపడా మాత్రమే కొంటారు. ఆరోగ్య కేంద్రాల్లో, నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానల్లో షుగర్ మందులకు పైసలు తీసుకోరు. కొనాల్సి వస్తే తక్కువ ధరకు మందులు అమ్మే జన ఔషధి దుకాణం ఎక్కడుందో అడగండి. ఖరీదైన మందు రాస్తుంటే "సార్, ఇది నెలనెలా కొనలేను, తక్కువలో వచ్చేది రాయండి" అని అక్కడే అనండి. ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న మందులు తక్కువ ధరవి, బాగా పనిచేసేవే.

"ఎన్ని రోజులు బతుకుతం, ఎందుకివన్నీ?" ఈ మాట వింటే ఆగండి. రెండు ప్రశ్నలు అడగండి. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా, నిరాశగా అనిపించిందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద మనసు పోవడం లేదా? ఒక్కదానికి అవునన్నా డాక్టర్‌కు చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లలో దిగులు జబ్బు ఎక్కువ, అది ఉంటే మందులు మానడమూ ఎక్కువ. దాన్ని నయం చేయకుండా గోలీల కోసం వెంటపడితే ఫలితం ఉండదు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసలు అడగరు. చచ్చిపోవాలనే మాట వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు దవాఖానకు తీసుకుపోండి.

3. గోలీని రోజూ తప్పని పనికి కట్టండి

గడియారం చూసి వేసుకోవడం ఊళ్లో చాలామందికి కుదరదు. రోజూ ఎట్లాగూ చేసే పనికి ముడిపెట్టండి. తిన్నాక వేసుకునే గోలీ డబ్బా పల్లెం పక్కనే ఉండాలి. తినకముందు వేసుకునేదైతే అన్నం వడ్డించాక, మొదటి ముద్దకు ముందు. ముందే మింగి "కొంచెం ఆగి తింట" అంటే ప్రమాదం. ఇంట్లో అందరూ తిన్నాక తినే ఆడవాళ్లు రాత్రి గోలీ విషయంలో ఇక్కడే తప్పుతారు. వాళ్లూ అందరితో పాటే కూర్చుని తినాలి.

చదువు రాని వాళ్లకు డబ్బా మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇవ్వండి. వేసుకున్న వెంటనే క్యాలెండర్‌లో గీత పెట్టమనండి. రాత్రి కూర్చుని ఏడు రోజుల గీతలు ఒకేసారి పెడితే ఆ క్యాలెండర్‌కు విలువ లేదు.

మర్చిపోతే? తర్వాతి పూట రెండూ కలిపి వేసుకోకండి. పోయిన గోలీ పోయింది, తర్వాతిది దాని వేళకు వేసుకోండి. వారాల తరబడి మానేసి ఇప్పుడు మొదలుపెడుతుంటే పాత డోసు మొత్తం ఒక్కసారి ఎత్తుకోకుండా ముందు డాక్టర్‌ను అడగండి.

4. ఇంట్లోవాళ్లు కాపలా కాయొద్దు, తోడుండాలి

కాపలా పెడితే దాచడం నేర్చుకుంటారు. నలుగురి ముందు "నీకు షుగర్, లడ్డు తినకు" అని చెయ్యి పట్టుకుంటే ఆ మనిషి తర్వాత చాటుగా తింటాడు, గోలీ కూడా దాచేస్తాడు. ఒక్కరు మాత్రమే గుర్తు చేయాలి, రోజుకు ఒక్కసారే. ఎవరు గుర్తు చేయాలో షుగర్ ఉన్న మనిషే చెప్పాలి. మనవరాలి మాట వినే తాతలు కొడుకు మాట వినరు. దూరంగా ఉన్నవాళ్లు రాత్రి తినే వేళకు వీడియో కాల్ చేయండి, మాటల మధ్యలో "గోలీ డబ్బా చూపెట్టు" అనండి. ఫోన్ చేసి అదొక్కటే అడిగి పెట్టేయకండి.

5. దావత్, పండుగ, ఉపవాసం, వలస

మామూలు రోజుల్లో బాగా వేసుకునేవాళ్లు ఇక్కడ తప్పుతారు.

దావత్ రోజు కల్లో, మందో తాగుతామని షుగర్ గోలీ మానేస్తారు, మర్నాడూ మానేస్తారు. ఇంకొందరు గోలీ వేసుకుని, తాగి, తినకుండా పడుకుంటారు. ఈ రెండోది ఎక్కువ ప్రమాదం, నిద్రలో షుగర్ పడిపోతే పక్కవాళ్లు మత్తు అనుకుంటారు. తాగకపోవడమే మంచిది. తాగేవాళ్లయితే కడుపునిండా తినకుండా పడుకోవద్దు, ఈ సంగతి డాక్టర్‌కు దాచొద్దు.

చెరువుగట్టు గుడికి అమావాస్య రాత్రికి పోయినా, కురుమూర్తి జాతరకు పోయినా ఆ పూటల గోలీలు, చక్కెర పొట్లం జేబులోనో కొంగులోనో ఉండాలి, బండిలో వదిలేసిన సంచిలో కాదు. అయ్యప్ప దీక్షలో భోజనం వేళలు మారతాయి, మాల వేసుకునే ముందే గోలీల వేళలు మార్పించుకోండి. శివరాత్రి, ఏకాదశి ఉపవాసాలకూ అంతే. రంజాన్ రోజాలు ఉండేవాళ్లు ఒకటి రెండు నెలల ముందే డాక్టర్‌ను కలిస్తే సహరీకి, ఇఫ్తార్‌కు డోసు సర్దుతారు. రోజాలో షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విడవాల్సిందే.

పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవాళ్లు కనీసం నెల గోలీలు వెంట ఉంచుకోండి. చీటీ ఫొటో మీ ఫోన్‌లోనూ, ఊళ్లో ఉన్న ఇంకొకరి ఫోన్‌లోనూ ఉండాలి. అక్కడి ప్రభుత్వ దవాఖానలో మందు పేరు చూపిస్తే భాష రాకపోయినా పని అవుతుంది.

6. ఇన్సులిన్ సూది రాస్తే

"సూది అంటే ఆఖరి దశ" అని ఏడ్చేవాళ్లు ఉన్నారు. ఏళ్లు గడిచేకొద్దీ ఒంట్లో ఇన్సులిన్ తయారీ తగ్గుతుంది కాబట్టి బయటి నుంచి ఇస్తారు. గోలీలు సరిగ్గా వేసుకున్నవాళ్లకు కూడా అవసరం రావచ్చు. కాబట్టి "గోలీలు వేసుకోకపోతే సూదే" అని బెదిరించకండి, తీరా సూది అవసరమైన రోజు దాన్ని శిక్ష అనుకుంటారు.

ఫ్రిజ్ లేకపోతే ఇన్సులిన్‌ను నీళ్లు చొరని డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడన ఉంచండి. మే నెల ఎండల్లో గూట్లో పెడితే మందు పనికిరాకుండా పోతుంది. ఫ్రిజ్ ఉంటే తలుపు వైపు పెట్టండి, ఐసు గదిలో వద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు.

7. డాక్టర్ ముందు నిజమైన లెక్క చెప్పండి

తిడతారనే భయంతో "అన్నీ వేసుకుంటున్న సార్" అంటారు. షుగర్ 300 ఉంటుంది. ఈ మందు చాలలేదనుకుని డాక్టర్ డోసు పెంచుతారు. భయపడి ఇంటికొచ్చి అన్నీ వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. వేసుకోకపోవడం కంటే దాన్ని దాచడం ఇలా ఎక్కువ నష్టం చేస్తుంది. కూర్చోగానే మొదటి మాటగా "సార్, నెలల 60కి 35 వేసుకున్న, కడుపు నొప్పికి మానేసిన" అనండి. ఓపీలో సమయం తక్కువ, ఈ ఒక్క వాక్యం చాలు.

కాకర రసం, నేరేడు గింజల పొడి, మెంతులు తీసుకుంటుంటే అదీ చెప్పండి. వాటిని నమ్ముకుని గోలీ ఆపొద్దు. పేరు, కంపెనీ లేని పొడులు అసలే వద్దు. అలాంటి కొన్నిటిలో షుగర్ మందే కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది. అందుకే అవి "పనిచేస్తాయి".

వాంతులు, విరేచనాలు పట్టుకుని ఏమీ తినలేని రోజు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ కొనసాగించాలా ఆపాలా అన్నది ఫోన్ చేసైనా అడగండి. ఇన్సులిన్ మాత్రం మీ అంతట మీరు పూర్తిగా ఆపకండి.

ఫలితం ఉందో లేదో ఎలా చూసుకోవాలి

నెల నెలా గోలీల లెక్క, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష, ఈ రెండూ చాలు. హెచ్‌బీఏ1సీ దాదాపు మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది. చాలామందికి 7 కంటే తక్కువ లక్ష్యం. ముసలివాళ్లకు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకు డాక్టర్ కొంచెం సడలిస్తారు. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పు చూపవచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి. ఇంట్లో చూసుకుంటే పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలి. పండు తిన్న చేత్తో, కడుక్కోకుండా వేలు గుచ్చితే తప్పు అంకె వస్తుంది.

పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి బుద్ధిగా గోలీలు వేసుకుని, అన్నం తగ్గించి పోయేవాళ్లు ఉన్నారు. పరగడుపు అంకె బాగుంటుంది, హెచ్‌బీఏ1సీ 9 ఉంటుంది. ఈ రెండూ పొంతన లేకుండా వస్తే మనిషిని నిలదీయకుండా రెండో అడుగుకు తిరిగి వెళ్లండి, ఇంకా బయటికి రాని కారణం ఏదో ఉంది.

గోలీల లెక్క సరిగ్గా ఉండి కూడా మూడు నెలల తర్వాత అంకె తగ్గకపోతే ఆ మనిషి తప్పేమీ లేదు, మందు చాలడం లేదు. క్యాలెండర్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మందు మారుస్తారు లేదా కలుపుతారు. చీటీ మారిన రోజే డబ్బాల్లోంచి పాత గోలీలు తీసేసి కొత్తవి సర్దండి. పాతవి ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు వేసుకుంటారు.